మెట్టు దగ్గర విప్పిన జత

మే నెల, ఈ దేశంలో చలికాలం మొదలయ్యే రోజులు. మధ్యాహ్నమైనా నీడపట్టున గడ్డి మీద మంచు కరగలేదు. అలాంటి చోట ఉదయభాస్కర్ కాళ్ళకి జాండల్స్ వేసుకుని నిలబడి ఉన్నాడు. మనం హవాయి చెప్పులంటామే, అవే. చలికి కాలివేళ్ళు ఎర్రగా కందిపోయాయి.

“పూర్తిగా కివీ అయిపోయారే,” అన్నాను కారు దిగుతూ.

“ఈ దేశం వచ్చి పదేళ్ళు దాటింది కదండీ. ఆ మాత్రం అవ్వకపోతే ఎలా?” అని నవ్వాడు.

నాకు ఈయనంటే పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఇద్దరం ప్రైవేట్ డిటెక్టివ్‌లమే. ఆయనకి హెండర్సన్‌లో అద్దాల తలుపున్న ఆఫీసుంది. నాకు ఇన్వర్‌కార్గిల్‌లో ఒక ఫ్లాటూ, అందులో వంటింటి బల్లా ఉన్నాయి. రెండేళ్ళ కిందట లోకేశ్ అనే స్టూడెంట్ కనిపించకుండా పోయినప్పుడు వాళ్ళవాళ్ళు మొదట నా దగ్గరికే వచ్చారు. తరవాత ఎవరో చెబితే పేరున్న మనిషని ఈయన దగ్గరికి వెళ్ళారు. కుర్రాడు కారు అమ్మేసి, ఎవరికీ చెప్పకుండా ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడని ఈయన చకచకా తేల్చేశాడు. తెలుగు అసోసియేషన్ వాళ్ళు పిలిచి శాలువా కప్పారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు కానీ, కాదనడానికి నా చేతిలో ఏమీ లేదు.

అయినా కారు దిగిన ఆ మధ్యాహ్నం ఆయనకి థాంక్స్ చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. పొద్దున్న శేషారత్నం ఆంటీ ఫోన్ చేసి “మీ అంకుల్ కనపడట్లేదే నిరూ” అన్నప్పుడు నేను నాలుగు గంటల దూరంలో ఉన్నాను. దారిలో కారాపి, వాళ్ళు రాత్రి బస చేసిన ఒమరామా చుట్టుపక్కల ఎవరైనా ఉంటే ఆవిడ దగ్గరికి వెళ్ళండని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో బతిమాలాను. పని మీద పక్క ఊరు ట్వైజెల్‌లో ఉన్నానంటూ అందరికన్నా ముందు వచ్చింది ఉదయభాస్కరే. ఆంటీకి టీ ఇప్పించాడు. ఆవిడ కంగారులో తెలుగులో చెప్పిందంతా కానిస్టేబుల్ హేలీకి ఇంగ్లీషులో చెప్పాడు. అలాంటప్పుడు పక్కన మన మాట తెలిసిన మనిషి ఉండటం ఎంత ధైర్యమో నాకు తెలుసు.

హేలీ నాకు జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. రామలింగేశ్వరరావు, శేషారత్నం దంపతులు రాత్రి మంచం, వంటిల్లు అన్నీ ఉన్న తమ మోటర్ హోమ్‌ బండిని ఏటి ఒడ్డున ఆపుకుని పడుకున్నారు. పొద్దున్న ఏడున్నరకి ఆవిడ రాళ్ళు ఏరుకోవడానికి ఏట్లోకి దిగింది. ఎనిమిదిన్నరకి తిరిగొస్తే బండీ లేదు, భర్తా లేడు. పదకొండింటికి ఎవరో టూరిస్టులు ఆ బండిని నాలుగు కిలోమీటర్ల అవతల, ఇదిగో ఈ మట్టికొండల పార్కింగ్‌లో చూశారు. తాళంచెవి బండిలోనే ఉంది. ఇక్కడి నుంచి కొండల మధ్యలోకి ఇరుకు లోయలు చీలిపోతాయి. మొదటి లోయలో అడుగుపెట్టగానే ఆయన టోపీ దొరికింది.

అంటే, బండి తనే నడుపుకుంటూ వచ్చి, రాళ్ళ కోసం లోపలికి వెళ్ళి, ఎక్కడో జారిపడ్డాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇరవై మంది వాలంటీర్లు అప్పట్నుంచీ ఆ లోయల్లో గొంతు చించుకుని అరుస్తున్నారు. రావుగారికి అరవై తొమ్మిదేళ్ళు, గుండెకి స్టెంట్ వేశారు. అయిదింటికల్లా చీకటి పడిపోతుంది, ఆ తరవాత నీళ్ళు గడ్డకట్టే చలి. ఆయన రాత్రంతా బయటే ఉంటే పొద్దున్నకి ప్రాణంతో ఉండడు.

నాకు ఈ మనుషులు ఏమవుతారో కూడా చెప్పాలి. చదువుకోవడానికి ఇన్వర్‌కార్గిల్‌లో దిగినప్పుడు జూలై నెల. నేను కర్నూలు ఎండల నుంచి తిన్నగా సాండల్స్‌తో వచ్చేశాను. బస్సు స్టాపులో వణుకుతుంటే ఒక పెద్దాయన కారాపి, తెలుగమ్మాయివా అని అడిగి ఇంటికి తీసుకెళ్ళాడు. ఆంటీ వేడన్నం, పప్పు పెట్టింది. ఆయన తన బూట్లు తెచ్చి నా ముందు పెట్టాడు. చిన్న పాదాలు ఆయనవి, ఉన్ని సాక్స్ వేసుకుంటే నాకు సరిగ్గా సరిపోయాయి. ఆ చలికాలమంతా రావుగారి బూట్లతోనే కాలేజీకి వెళ్ళాను. నాలాంటి వాళ్ళు ఆ ఇంట్లో ఎంతమంది తిన్నారో ఆంటీకే గుర్తులేదు. మాలో ఎవరు మొదటి కారు కొనుక్కున్నా అంకుల్ తను ఏరిన రాయి ఒకటి నున్నగా సానబెట్టి, చిల్లు పెట్టి, తాళంచెవికి కట్టి ఇచ్చేవాడు. నాది తేనెరంగు రాయి. నాలుగు గంటల డ్రైవ్‌లో దాన్ని ఎన్నిసార్లు నిమిరానో.

ఆంటీని నా కార్లో కూర్చోబెట్టి హీటర్ వేశాను. ఒళ్ళో ఉన్న గుడ్డసంచిని రెండు చేతులతో గుండెలకి అదుముకుని కూర్చుంది.

“పొద్దున్న అంకుల్ మీతో ఎందుకు రాలేదు?”

“నువ్వు నడుస్తూ ఉండు, నేను కాఫీ తాగి వస్తానన్నారు. రోజూ ఆయనే ముందు పరిగెడతారు. ఇవాళే నన్ను తరిమారు.” కళ్ళు తుడుచుకుంది. “మొన్న ఈ కొండల్లో తిరిగొచ్చినప్పట్నించీ అదోలా ఉన్నారు. ఏం దొరికింది చూపించమంటే, ఏం లేదు పొమ్మన్నారు. నలభై నాలుగేళ్ళలో రాయి దొరికితే నాకు చూపించకుండా ఉండటం ఇదే మొదలు.”

“ఎవరితోనైనా ఫోన్‌లో మాట్లాడారా?”

“రాత్రి బయటికెళ్ళి ఎవరితోనో మాట్లాడారు. ఎవరంటే, తెలిసినాయనే అన్నారు.”

ఆ ఫోన్ ఏదని అడిగితే, అది బండిలోనూ లేదు, లోయలోనూ దొరకలేదట. ఇంతలో ఉదయభాస్కర్ కారు కిటికీ తట్టాడు. ఆంటీ అలిసిపోయి ఉంటారు, ఆ సంచి ఇలా ఇస్తే బండిలో పెడతానన్నాడు. ఆంటీ వద్దు బాబూ అంది. పొద్దుటి నుంచి ఇలా అడగడం ఇది మూడోసారని, మర్యాద తెలిసిన పిల్లాడని నాతో చెప్పింది. నేనూ అవునన్నాను.

మోటర్ హోమ్ దగ్గరికి వెళ్ళి, మెట్టు దగ్గర షూస్ విప్పి లోపలికి ఎక్కాను. ఎవరూ చూడకపోయినా ఆ బండిలోకి షూస్‌తో ఎక్కడం నా వల్ల కాదు. మెట్టు పక్కన చాప పరిచి, దాని మీద జోళ్ళు విప్పించడం ఆంటీ పెట్టిన రూలు. నేల మీద హేలీ బూట్ల అచ్చులు పెద్దవిగా కనపడుతున్నాయి. మిగతా నేలంతా పొద్దున్న తుడిచినట్టే శుభ్రంగా ఉంది. డ్రైవర్ సీటు దగ్గర కూడా ఇసుక రేణువు లేదు. ఏటి ఒడ్డున బురదలో నిలబడి ఉన్న బండిని బయటివాడు ఎవడైనా ఎత్తుకొచ్చి ఉంటే ఆ బురద లోపల ఉండాలి. రావుగారే నడిపి ఉంటే ఇలాగే ఉంటుంది. నా చేతులతో నేనే ఉదయభాస్కర్ మాటకి బలం ఇస్తున్నానని చిరాకేసింది.

స్నానాల గది తలుపు తెరిచాను. గది చిన్నది, మనిషి నిలబడితే భుజాలు తగులుతాయి. అందులో మోకాలెత్తున రాళ్ళు కుప్పపోసి ఉన్నాయి. మట్టి కూడా దులపని రాళ్ళు.

నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. శేషారత్నం ఆంటీ బండిలో, ఆవిడ స్నానాల గదిలో, కడగని రాళ్ళు! రాళ్ళన్నీ బండి వెనక, మంచం అడుగున ఉన్న డిక్కీలోనే ఉండాలి. దానికి తలుపు బయట నుంచే. కడిగిన రాయి తప్ప ఏదీ మెట్టు దాటకూడదని ఆవిడ ఆర్డర్. రిటైరై ఈ బండి కొన్న రోజు నుంచీ రావుగారు ఆ ఒక్క రూలుకే భయపడేవాడు.

నా నవ్వు విని ఉదయభాస్కర్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. డిక్కీ చూశారా అని అడిగాను.

“హేలీ, నేనూ కలిసే తెరిచామండీ. బకెట్ల నిండా రాళ్ళు. ఆవిడ కూడా చూసింది.”

“మరి ఇవి ఇక్కడెందుకు ఉన్నాయి?”

“కడుక్కుందామని పోసుకుని ఉంటాడు. రాళ్ళ పిచ్చివాళ్ళ సంగతి మనకేం తెలుస్తుంది?” గొంతు తగ్గించాడు. “నిరుపమ గారూ, మీరు వాళ్ళకి బాగా కావాల్సినవాళ్ళు, అందుకని కష్టంగా ఉంటుంది. మొగుడూ పెళ్ళాలకి మాటా మాటా వచ్చింది. ఆవిణ్ణి అక్కడే వదిలేసి, ఆయన కోపంగా బండేసుకుని వచ్చేశాడు. ఇందులో డిటెక్టివ్ పనేమీ లేదు.”

“లోకేశ్ విషయంలో కూడా ఇలాగే తేల్చారు కదా?”

ఆయన మొహంలో నవ్వు పోయింది. “అది మూసేసిన కేసు. మీకు రాలేదన్న కడుపుమంట ఇంకా చల్లారలేదా?”

ఒళ్ళు మండింది. గట్టిగా ఏదో అనబోయాను కానీ హేలీ వస్తూ కనిపించింది. హెలికాప్టర్ వస్తోందట, దిగడానికి పార్కింగ్ ఖాళీ చెయ్యాలట. ఇంకో గంటన్నర వెలుతురే మిగిలింది. ఉదయభాస్కర్ వెంటనే ముందుకొచ్చాడు. బండిని తనే ఇన్వర్‌కార్గిల్ తీసుకెళ్ళి వాళ్ళ ఇంటి ముందు పెట్టేస్తానని, ఆంటీని నేను మోటెల్‌కి తీసుకెళితే చాలని, తన కారు రేపు తెప్పించుకుంటానని ఇంగ్లీషులో చక్కగా చెప్పాడు. తాళంచెవి హేలీ దగ్గరుంది. ఆవిడ నా వైపు చూసింది. కాదనడానికి కారణం తోచలేదు. ఇవ్వమని తలూపాను.

కారు దగ్గరికొచ్చి ఆంటీతో ఆ మాట చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కార్లోకి లాగి తలుపు వేయించింది.

“నిరూ, ఒకటి చెప్తాను, పోలీసులకి చెప్పకు. పొద్దున్న బండి లేదు గానీ చాప ఉంది. చాప మీద ఆయన బూట్లు ఉన్నాయి.”

సంచి ఎందుకు వదలడం లేదో అప్పుడు అర్థమైంది.

“ఎందుకు చెప్పలేదు ఆంటీ?”

“ఎలా చెప్పమంటావే? ఏటి ఒడ్డున మనిషి జోళ్ళుంటే ఏమనుకుంటారు? మా ఒంగోల్లో కాలవ గట్టు మీద చెప్పులు కనపడితే చాలు, మనిషి నీళ్ళలో ఉన్నాడనేవాళ్ళు. వీళ్ళూ అదే అంటారనిపించింది. అలా అన్నాక ఇంక బతికున్నవాడిని వెతికినట్టు వెతకరు. అందుకని దాచేశాను.” సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. “ఆయన బతికే ఉన్నారు. నేను ఇవి బయటికి తియ్యను.”

పొద్దుటి నుంచి ఇరవై మందిని తప్పుదోవన తిప్పిన ఆ భయాన్ని చూసి నాకు కోపం రాలేదు. అక్కడ నేనున్నా బహుశా అదే చేసేదాన్ని. సంచి అడిగి తీసుకున్నాను. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన నల్లటి లెదర్ బూట్లు. లేసులు లేనివి, మనవాళ్ళలో సగం మంది వేసుకునే రకం. రావుగారివి కూడా ఇలాంటివే. ఆవిడ కళ్ళనీళ్ళ మధ్య ఒక్కసారి చూసి మూట కట్టేసి ఉంటుంది, మళ్ళీ తెరవలేదు.

నేను నా షూ విప్పి, ఉన్ని సాక్స్ ఉన్న కాలు ఆ బూటులో పెట్టాను.

మడమ వెనక రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉంది.

ఆ చలికాలంలో నా కాలికి రావుగారి బూటు ఎక్కడ తగిలేదో, ఎక్కడ వదులయ్యేదో నాకు తెలుసు. ఇది ఆయనది కాదు. ఇది ఎవరో పెద్ద పాదాలవాడిది. ఇంకొకరి బండి ఎక్కుతూ, ఎవరూ చెప్పకుండానే చాప మీద జోళ్ళు విప్పే అలవాటున్నవాడిది. అందుకే లోపల నేల అంత శుభ్రంగా ఉంది. వాడు కాఫీకి వచ్చినట్టు వచ్చాడు. లోపల ఏదో జరిగింది. హడావిడిగా దిగి చాప మీద నుంచి ఒక జత లాక్కుని మళ్ళీ ఎక్కాడు. పెళ్ళిళ్ళలో మనవాళ్ళు ఎప్పుడూ చేసే పొరపాటే. తన జత అనుకుని రావుగారి జత లాక్కెళ్ళాడు.

మరి వాడు రావుగారి టోపీ లోయలో పడేసి, ఈ పార్కింగ్ నుంచి ఏటి దగ్గర ఎక్కడో చాటున ఆపిన తన కారు దగ్గరికి నాలుగు కిలోమీటర్లు ఆ ఇరుకు బూట్లతోనే నడిచి ఉండాలి. తన బూట్ల కోసం చాప దగ్గరికి వస్తే అక్కడ ఆంటీ కూర్చుని ఉంది. బూట్లు ఆవిడ సంచిలోకి వెళ్ళిపోయాయి. ఆ ఇరుకు బూట్లు విప్పేశాక, దగ్గర్లోని పెట్రోల్ బంకులో కొనడానికి దొరికేవి ఏమిటి? జాండల్స్.

“ఆ సంచి ఇలా ఇవ్వండి ఆంటీ” అని మూడుసార్లు అడిగిన మర్యాదస్తుడికి నేను వస్తూనే థాంక్స్ చెప్పాను.

ఆ వెనకే రాళ్ళ కుప్ప గుర్తొచ్చింది. డిక్కీలో రాళ్ళు తీసి స్నానాల గదిలో పోశారంటే, డిక్కీలో ఇంకేదో పెట్టడానికి చోటు కావలసి వచ్చింది. ముందు వరసలో బకెట్లు ఉంచి, తలుపు తెరిచి హేలీకి చూపించాడు. బకెట్ల వెనక ఏముందో ఆవిడ ఎందుకు చూస్తుంది? ఇప్పుడు ఆ బండిని, ఒంటరిగా, చీకట్లో, కొండల దారిన నాలుగు గంటలు తీసుకెళతానంటున్నాడు.

డీజిల్ ఇంజన్ స్టార్ట్ అయిన చప్పుడు వినపడింది.

“ఆంటీ, డిక్కీకి రెండో తాళం మీ దగ్గరుందా?”

మెడలో నల్లపూసల పక్కన వేలాడుతున్న చిన్న తాళంచెవిని ఏమీ అడగకుండా తీసి ఇచ్చింది. ఒక కాలికి షూ, ఒక కాలికి సాక్స్‌తోనే పరిగెత్తాను. హేలీకి ఒకే ఒక్క మాట చెప్పాను: బండి కదలనివ్వకు, మనిషి లోపలే ఉన్నాడు. మిగతాది ఎందుకు ఏమిటని ఆవిడ అడగలేదు. తిన్నగా వెళ్ళి బండి ముందు రెండు చేతులూ చాచి నిలబడింది. అందుకు ఆవిడకి జీవితాంతం రుణపడి ఉంటాను.

బండి మెట్టు దగ్గర నీలం జాండల్స్ రెండూ పక్కపక్కనే విప్పి ఉన్నాయి. పారిపోతూ కూడా అలవాటు మానలేదు.

వాటి పక్కన నల్ల బూట్లు పెట్టాను. “ఉదయభాస్కర్ గారూ, మీ జత ఆంటీ దగ్గరే ఉండిపోయింది. దిగి వేసుకోండి,” అన్నాను.

ఆయన కిటికీలోంచి బూట్లు చూశాడు, నన్ను చూశాడు, ఎదురుగా హేలీని చూశాడు. ఇంజన్ ఆగింది. దిగి మెట్టు మీద నిలబడ్డాడు గానీ బూట్లు ముట్టుకోలేదు. రెండు మడమల మీదా బొబ్బలు పగిలి రక్తం గడ్డకట్టి ఉంది. హేలీ అది చూసి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

నేను డిక్కీ తలుపు తెరిచి బకెట్లు బయటికి లాగేశాను. మొదటి బకెట్, రెండోది, మూడోది. వాటి వెనక చీకట్లో బొంత కనిపించింది. బొంతలోంచి రెండు సాక్స్ పాదాలు.

“అంకుల్!”

పాదం కదిలింది.

ఇద్దరు వాలంటీర్లు సాయం పట్టి బయటికి తీశారు. తల వెనక దెబ్బ, పెదాలు నీలం, నోటికి టేపు. ఊపిరి మాత్రం ఆడుతోంది. ఆంటీ వచ్చి నేల మీద చతికిలబడి, నోటి టేపు తీసేసి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. బూట్లు దాచి మంచిపని చేశానో చెడ్డపని చేశానో చెప్పమని ఆయన్నే అడిగింది. హెలికాప్టర్ చప్పుడు దగ్గరవుతోంది. ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియక అందరికీ పెట్టుకున్నాను.

ఆయన కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. “కాళ్ళు చల్లగా ఉన్నాయే నిరూ,” అన్నాడు.

నా ఉన్ని సాక్స్ విప్పి ఆయన సాక్స్ మీదే తొడిగాను. ఒకప్పుడు ఆయన ఇలాగే వంగి తన బూట్లు నా ముందు పెట్టాడు. ఆ రుణం తీరిందని నేననుకోవడం లేదు, తీర్చుకోవాలనీ లేదు.

“ఆయన్ని ఎందుకు పిలిచారంకుల్? నాకు ఫోన్ చెయ్యచ్చు కదా?”

“అడుగుదామని... ఆయనే కదమ్మా తేల్చింది. పొరపాటు పడ్డాడేమో, సరిదిద్దుకుంటాడని...” దగ్గాడు. కుడిచేతి పిడికిలి ఎంతసేపటి నుంచి బిగించాడో, వేళ్ళు విడిపోవడం లేదు. ఆంటీ ఒక్కొక్క వేలూ నెమ్మదిగా తీసింది.

అరచేతిలో తుప్పు పట్టిన కారు తాళంచెవి. దానికి నున్నగా సానబెట్టిన చిన్న రాయి, తెల్లటి దాని మీద ఎర్రచార. నా తాళంచెవికి ఉన్నదాని లాంటిదే, కానీ ఏ రెండు రాళ్ళూ అచ్చం ఒకేలా ఉండవు. చేసిన చెయ్యి మరిచిపోదు. లోకేశ్ మొదటి కారు కొన్నరోజు రావుగారే కట్టి ఇచ్చాడు.

అమ్మేసిన కారు తాళంచెవి దాన్ని కొన్నవాడి దగ్గర ఉండాలి; అంటే కారు అమ్మాడన్నదీ, ఆస్ట్రేలియా వెళ్ళాడన్నదీ అబద్ధమే.

ఉదయభాస్కర్ మాత్రం రావుగారి మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ తాళంచెవినే చూస్తున్నాడు.

“మొన్న మూడో లోయలో తవ్వుతుంటే తగిలింది,” అన్నాడు రావుగారు. గొంతు సన్నగా ఉన్నా మాట స్పష్టంగానే ఉంది. “వాడు ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. ఇక్కడే ఉన్నాడు.”

మనిషి దొరికాడు కాబట్టి వాలంటీర్లని వెనక్కి పిలిచేస్తానంటూ హేలీ వాకీటాకీ తీసింది. వద్దన్నాను. మూడో లోయలో వెతకమన్నాను.